తేడా చూపే పనిముట్టే తేడా చేస్తే

2013లో ఒక మరమ్మతు. 2022లో దాన్ని సరిచేస్తూ ఇంకో మరమ్మతు. 2023లో ఆ రెండోదాని వల్ల పుట్టిన చిక్కుకు మూడో మరమ్మతు. మూడూ చేసినవాళ్లు పని తెలిసినవాళ్లే. విడివిడిగా చూస్తే మూడూ సబబైనవే. అయినా మధ్యలో కొన్ని నెలల పాటు, మ్యాక్ కంప్యూటర్ల మీద గిట్ వాడేవాళ్లలో కొందరికి ఫైల్లో ఏ మాట మారిందో విడదీసి చూపే సదుపాయం చెడిపోయింది. గిట్ చరిత్రలో ఇది చిన్న ఘటనే. తెలుగులో రాసేవాళ్లు, తెలుగు ఫైళ్లతో పనిచేసేవాళ్లు మాత్రం దీన్ని కాస్త ఆగి చూడాలి. ఎందుకంటే గొడవంతా ఇంగ్లిష్ కాని అక్షరాల దగ్గరే మొదలైంది.

గిట్ గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు. ఒకే కోడును పదిమంది కలిసి రాస్తున్నప్పుడు ఎవరు ఎప్పుడు ఏ వరస మార్చారో తేదీలతో సహా దాచే చిట్టా అది. లైనక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో దాన్ని రాయడం మొదలుపెట్టాడు. అదే ఏడాది జులై నుంచి దాని బాగోగులు జూనియో హమానో చూస్తున్నాడు. హైటెక్ సిటీలో పనిచేసినా, డాలస్‌లో పనిచేసినా తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ రోజూ ముట్టుకునే సాధనాల్లో గిట్ ఒకటి. అందులో డిఫ్ అనే ఆదేశం ఉంది. పాత దస్తావేజు, కొత్త దస్తావేజు పక్కపక్కన పరిచి, మారిన చోటల్లా వేలు పెట్టి చూపే గుమాస్తా లాంటిది అది. తీసేసిన వరస ఎర్రగా, చేర్చిన వరస పచ్చగా కనిపిస్తాయి.

రివ్యూ చేసేవాళ్లు కోడంతా చదవరు. లక్షల వరసలు చదవడం ఎవరి వల్లా కాదు. డిఫ్ ఏది చూపిస్తే అదే చదివి, సరే అంటారు లేదా వెనక్కి పంపుతారు. డిఫ్ చూపనిది వాళ్ల లెక్కలో లేనట్టే. అందుకే ఆ డిఫ్‌లోనే బగ్ పడి, దానికి మరమ్మతు జరుగుతున్నప్పుడు రివ్యూ చేసేవాళ్ల మీద మామూలు కంటే పెద్ద బరువు పడుతుంది. ఈ మరమ్మతు పనిచేస్తుందా అని అందరూ అడుగుతారు. దీని వల్ల ఇకముందు ఏది కనబడకుండా పోతుంది, ఎవరికి కనబడకుండా పోతుంది అని అడిగేవాళ్లు తక్కువ. అడగవలసింది అదే.

మూడు మరమ్మతుల సంగతికి వద్దాం. మాటల్ని వెతకడానికీ విడదీయడానికీ ప్రోగ్రామర్లు ఒక రకం నమూనాలు వాడతారు. వాటిని రెజెక్స్ అంటారు. నమూనాను అర్థం చేసుకుని వెతికి పెట్టే ఇంజన్ ఒకటి ప్రతి ఆపరేటింగ్ సిస్టంలోనూ ఉంటుంది. మ్యాక్‌లో ఉన్న ఇంజన్ అప్పట్లో గిట్ పెట్టిన ఒక పరీక్షలో తప్పింది. దాంతో 2013 మేలో, మ్యాక్ మీద ఆ ఇంజన్ వద్దని, గిట్ తనతో పాటు తెచ్చుకునే సొంత ఇంజన్నే వాడాలని నిర్ణయించారు. సమస్య తీరింది. కానీ ఆ సొంత ఇంజన్‌కి ఒక బైటులో పట్టని అక్షరాలు తెలియవు. ఇంగ్లిష్ అక్షరం ఒక్క బైటులో పడుతుంది. తెలుగులో 'త' రాయాలంటే యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు కావాలి. 'తెలుగు' అనే మాటకు మొత్తం పద్దెనిమిది. ఒక్కో బైటునీ ఒక్కో అక్షరంగా లెక్కపెట్టే ఇంజన్ ఇలాంటి భాషల్లో వెతికితే ఏమవుతుందో ఊహించవచ్చు. గిట్‌లో వెతకడానికి వాడే గ్రెప్ ఆదేశం మ్యాక్ మీద అలాగే తప్పు ఫలితాలిస్తూ వచ్చింది. అలా తొమ్మిదేళ్లు గడిచాయి.

2022 ఆగస్టులో ఎవరో దీన్ని పట్టించుకుని సరిచేశారు. అప్పటికి మ్యాక్ ఇంజన్ బాగుపడింది, పాత పరీక్షలో నెగ్గుతోంది, బహుబైట్ల అక్షరాలనూ గుర్తిస్తోంది. కాబట్టి మళ్లీ దానికే మారారు. రివ్యూ చేసినవాళ్లకు ఈ వాదనలో లోపం కనబడలేదు. కనబడేందుకు అందులో ఏమీ లేదు కూడా. లోపం వాళ్లు చదువుతున్న ఫైల్లో లేదు, వేరే ఫైల్లో ఉంది.

ఆ వేరే ఫైలు డిఫ్‌కి సంబంధించింది. వరస మొత్తాన్ని కాకుండా వరసలో మారిన మాటను మాత్రమే చూపమని గిట్‌ని అడగవచ్చు. అందుకోసం సి, పైథాన్, జావా లాంటి ఒక్కో కంప్యూటర్ భాషకూ మాట అంటే ఏమిటో చెప్పే నమూనా గిట్‌లోనే రాసి ఉంది. ఇంజన్‌కి బహుబైట్ల అక్షరాలు తెలియవన్న పాత నమ్మకంతో, ఆ నమూనాలన్నిటి చివరా ఒక ఉపాయం చేర్చారు: మొదటి బైటు ఫలానా హద్దులో, వెనక వచ్చే బైట్లు ఫలానా హద్దులో ఉంటే అన్నిటినీ కలిపి ఒక్క అక్షరంగా తీసుకో అని. తెలివైన ఉపాయం. ఒంటి బైట్ల ఇంజన్ చేతనే తెలుగు అక్షరాన్ని ముక్కలు కాకుండా చూపించగలిగింది. కానీ ఆ హద్దుల్లోని బైట్లు విడిగా చూస్తే యూటీఎఫ్-8లో చెల్లవు. అక్షరాలు తెలిసిన మ్యాక్ ఇంజన్ ఆ నమూనా చూడగానే ఇది చెల్లదని తోసిపుచ్చింది. గిట్‌లో ఉన్న అంతర్గత నమూనాలన్నీ ఒక్కసారిగా చెడిపోయాయి. ఇంజన్‌కి అక్షరజ్ఞానం లేదని చేసిన ఏర్పాటు, అక్షరజ్ఞానం వచ్చిన ఇంజన్ దగ్గర అడ్డం తిరిగింది.

అన్నీ ఒకేసారి ఎందుకు చెడిపోయాయన్నదానికి ఇంకొంచెం వెనక కథ ఉంది. మొదట్లో ఆ ఉపాయాన్ని ఒక్కో కంప్యూటర్ భాష నమూనాలో విడివిడిగా రాయాల్సి వచ్చేది. రాసేటప్పుడు అచ్చుతప్పు పడినా, ఎవరైనా మరిచిపోయినా ప్రమాదం. 2010-11 ప్రాంతంలో ఒక ప్రోగ్రామర్ దీన్ని గమనించి, అన్ని నమూనాలకూ అది తనంత తానే చేరేలా ఒకే చోట పెట్టాడు. మంచి పని. దాని వల్లే 2023లో మరమ్మతు ఒకే చోట చేస్తే సరిపోయింది. దాని వల్లే బగ్ కూడా అన్ని చోట్లా ఒకేసారి పడింది.

మరి పరీక్షలు? గిట్‌కి వేల సంఖ్యలో పరీక్షలున్నాయి. మాటల పోలిక కోసమే టి4034 అనే పరీక్షల ఫైలు ఉంది. మ్యాక్ మీద కూడా పరీక్షలు నడుస్తాయి. అయినా ఈ బగ్ దొరకలేదు. గిట్ పరీక్షలు మామూలుగా 'సి' అనే లొకేల్‌లో నడుస్తాయి. అంటే ఏ మానవ భాషా ఎంచుకోని కంప్యూటర్ మీద నడుస్తున్నట్టు. ఫలితం ఎప్పుడూ ఒకేలా రావాలన్న ఉద్దేశంతో చేసిన ఏర్పాటు అది, తప్పు పట్టలేం. కానీ వాడేవాళ్ల కంప్యూటర్లు యూటీఎఫ్-8 లొకేల్‌లో ఉంటాయి. బగ్ అక్కడ మాత్రమే బయటపడుతుంది. పరీక్ష నెగ్గిందని చూసి రివ్యూ ముగించినవాళ్లు, పరీక్ష జరిగిన పరిస్థితి వాడుకరి పరిస్థితితో కలుస్తుందా అని చూడలేదు. వాళ్లని నిందించడం తేలిక, పైగా అన్యాయం. ఈ ప్రశ్న సహజంగా తోచేది తన భాషకు లెక్కలో చోటు లేక ఎప్పుడో ఒకప్పుడు ఇబ్బంది పడిన మనిషికే.

2023 ఏప్రిల్ నాటి మరమ్మతు పద్ధతిగా ఉంది. గిట్ ముందు ఇంజన్‌ని చిన్న ప్రశ్న అడుగుతుంది. బ్రిటిష్ పౌండు గుర్తు యూటీఎఫ్-8లో రెండు బైట్లు. ఆ గుర్తును ఇచ్చి, ఖాళీ కాని ఒక అక్షరాన్ని పట్టుకో అంటుంది. ఇంజన్ రెండు బైట్లనూ కలిపి ఒక్క అక్షరంగా పట్టుకుంటే దానికి అక్షరాలు తెలుసన్నమాట. అప్పుడు పాత బైట్ల ఉపాయం లేని నమూనా ఇస్తుంది. లేకపోతే ఉపాయం ఉన్న పాత నమూనాయే ఇస్తుంది. ఫలానా ఆపరేటింగ్ సిస్టం అయితే ఇలా, ఫలానాది అయితే అలా అని పేర్లు చూసి తేల్చకుండా, ఎదురుగా ఉన్న ఇంజన్ సామర్థ్యాన్నే పరీక్షించడం ఈ మరమ్మతులో మెచ్చుకోవలసిన భాగం. పేర్లు చూసి తేల్చిన 2013 నిర్ణయం తొమ్మిదేళ్ల తర్వాత ఎలా పాతబడిందో చూశాం కదా.

ఈ మరమ్మతును రివ్యూ చేసేవాళ్లు ఏం అడగాలి? పౌండు గుర్తు రెండు బైట్లే, తెలుగు అక్షరానికి మూడు, ఎమోజీకి నాలుగు, వాటి మాటేమిటి అని మొదట అడగాలి. యూటీఎఫ్-8 తెలిసిన ఇంజన్‌కి రెండు తెలిస్తే మూడూ నాలుగూ తెలిసినట్టే గనక దీనికి జవాబు బాగానే ఉంది. ప్రశ్న అడిగిన తర్వాత లొకేల్ మారితే పాత జవాబే పట్టుకుని కూర్చుంటుందా అని అడగాలి. గిట్ ఆదేశాలు నడిచి వెంటనే ముగిసిపోయేవి గనక దీంతోనూ పెద్ద ఇబ్బంది లేదు. మూడోది పరీక్ష గురించి. ఇక్కడే ఆ మరమ్మతు నిజంగా మేలు చేసింది. ఒక్కో కంప్యూటర్ భాష పోలికనూ 'సి' లొకేల్‌తో ఆపకుండా ఒక అసలైన మానవ భాష లొకేల్‌లో కూడా నడిపే పరీక్ష చేర్చారు. ఆ భాష ఐస్లాండిక్.

దాదాపు నాలుగు లక్షల జనాభా ఉన్న దేశపు భాష అది. 2011 జనగణన ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 8.11 కోట్ల మంది. ప్రపంచమంతా వాడే సాధనంలో పరీక్ష భాషగా ఐస్లాండిక్ ఎందుకు నిలిచిందంటే, గిట్ సందేశాలను ఇతర భాషల్లోకి మార్చే వసతిని కూర్చిన మనిషి ఐస్లాండ్ దేశస్థుడు. పరీక్షలు రాస్తూ తన భాషను వాడాడు. ఎవరి అనుమతీ అడగలేదు, ఏ ప్రభుత్వమూ సిఫారసు చేయలేదు. పని చేసినవాడి భాష పనిలోకి వచ్చింది. సాఫ్ట్‌వేర్ రంగంలో ఇన్నేళ్లుగా ఇంతమంది తెలుగువాళ్లు పనిచేస్తుండగా మన అక్షరం ఆ పరీక్షలో లేకపోవడం బాధ కలిగించే విషయం. బాధ్యత బయటివాళ్లది కాదు.

మన అక్షరం అక్కడ ఉంటే ఏమి తేలుతుందో చూద్దాం. ఒక సి ఫైల్లో వ్యాఖ్యగా 'కలం' అని ఉంది, దాన్ని 'కాలం' అని దిద్దారు. సి భాష నమూనాతో మాటల పోలిక అడిగితే గిట్ మాట మొత్తాన్ని చూపదు. దీర్ఘం ఒక్కటే చేరిందంటుంది. ఆ దీర్ఘాన్ని క నుంచి విడదీసి, దానికొక్కదానికే రంగు పూసి చూపుతుంది. లెక్క ప్రకారం అది తప్పు కాదు. అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణంలో దీర్ఘం విడి సంకేతమే. 'లక్ష్మి' అనే మాటలో మన కంటికి రెండక్షరాలు, యూనికోడ్‌కి ఏడు సంకేతాలు. కానీ తెలుగు చదివేవాడి కన్ను గుణింతాన్ని విడదీసి చదవదు. దిద్దుబాటును అర్థం కాని రూపంలో చూపే పోలిక రివ్యూకి పనికిరాదు. ఖాళీల దగ్గర మాటలు విడదీసే మామూలు పద్ధతిలో ఈ ఇబ్బంది లేదు, మాట మొత్తం కనిపిస్తుంది. ఈ తేడాను ఎవరైనా పనిగట్టుకుని చెబితే తప్ప గిట్ రాసేవాళ్లకు తెలిసే దారి లేదు.

ఇంతకంటే లోతైన చిక్కు ఐత్వంతో ఉంది. 'కై' రాయడానికి యూనికోడ్‌లో రెండు దారులున్నాయి. ఐత్వానికి ఒకే సంకేతం వాడవచ్చు, లేదా పైన ఎత్వాన్నీ కింద ఐత్వపు గుర్తునూ రెండు సంకేతాలుగా వాడవచ్చు. యూనికోడ్ ప్రమాణం ఈ రెంటినీ సమానమనే చెబుతుంది. తెర మీద రెండూ ఒకటే. గిట్‌కి మాత్రం బైట్లే లెక్క గనక వరస మారిందంటుంది. ఎర్ర వరసా పచ్చ వరసా పక్కపక్కన నిలబడతాయి, రెండింటిలోనూ అవే మాటలు. రివ్యూ చేసేవాళ్లు కళ్లు నులుముకుని, ఏమీ లేదులే అని ఆమోదిస్తారు. అలవాటుగా ఆమోదించడం అక్కడే మొదలవుతుంది.

పొల్లు తర్వాత వత్తు పడకుండా ఆపడానికి వాడే కంటికి కనబడని సంకేతం ఇంకొకటి ఉంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. 'ఫైల్‌లో' అని రాస్తే ల కింద ల వత్తు రాకుండా ఆపేది అదే. మాట మధ్యలో ఉంటే దాని ప్రభావం కనిపిస్తుంది. మాట చివర పొల్లు తర్వాత ఉంటే మాత్రం ఉన్నా లేనట్టే కనిపిస్తుంది. కొన్ని కీబోర్డులు దాన్ని తమంత తామే చేరుస్తాయి, కొన్ని చేర్చవు. ఇద్దరు కలిసి ఒక తెలుగు ఫైలు దిద్దితే ఈ కనబడని మార్పులు పేరుకుపోతాయి. ఈ సంకేతం ఎంత దూరం పోగలదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. 'జ్ఞా' అనే మన అక్షరంలో ఈ సంకేతం ఒకచోట ఇమిడినప్పుడు ఐఫోన్లలో ఆ సందేశం చూపించాల్సిన యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అప్పుడు ప్రపంచ పత్రికలన్నీ తెలుగు అక్షరం ఫోన్లను చంపేస్తోందని రాశాయి. చంపింది అక్షరం కాదు, ఆ అక్షరాన్ని ఎన్నడూ పరీక్షించి చూడని కోడు.

కోడు రాసేది ఇంగ్లిష్‌లోనే కదా, ఈ గుణింతాల గొడవ దేనికి అని అడిగేవాళ్లుంటారు. గిట్‌లో ఉండేది కోడు ఒక్కటే కాదు. ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్ లాంటి సాఫ్ట్‌వేర్ల తెలుగు అనువాదాలు ఇలాంటి చిట్టాల్లోనే ఉంటాయి. డాక్యుమెంటేషన్, ప్రభుత్వ వెబ్‌సైట్లలో తెలుగు పాఠం, బ్యాంకు యాప్‌లో కనబడే తెలుగు సందేశం, ఇవన్నీ ఎక్కడో ఒకచోట ఫైళ్లే. వాటిలో మార్పు జరిగితే ఎవరో ఒకరు డిఫ్ చూసి ఆమోదించాలి. తెలుగు పేరుతో ఫైలు సృష్టించి గిట్ స్థితి అడిగితే, మామూలు అమరికలో 'త' బదులు 340, 260, 244 అనే అంకెలు కనిపిస్తాయి. 'త' తాలూకు మూడు బైట్లు అవి. కోట్‌పాత్ అనే అమరిక మారిస్తే తెలుగు పేరు తెలుగులోనే కనిపిస్తుంది. కానీ మార్చాలని తెలిసినవాళ్లెందరు?

డిఫ్ చూపినదాని మీద ఎంత భారం ఉందో చరిత్ర చెబుతోంది. 2003 నవంబర్‌లో లైనక్స్ కెర్నల్ అసలు ప్రతి బిట్‌కీపర్ అనే వ్యవస్థలో ఉండేది, దానికి సీవీఎస్ అనే మరో వ్యవస్థలో నకలు ఉండేది. ఎవరో ఆ నకలులోకి చొరబడి రెండు వరసలు చేర్చారు. పైకి చూస్తే వాడుకరి సంఖ్య సున్నాయా కాదా అని పోల్చే వరసలా ఉంది. నిజానికి పోల్చడానికి రెండు సమాన గుర్తులు ఉండాల్సిన చోట ఒకటే ఉంది. దాంతో అది పోల్చదు, వాడుకరి సంఖ్యను సున్నా చేసేస్తుంది. లైనక్స్‌లో సున్నా అంటే సర్వాధికారి. అసలు ప్రతికీ నకలుకూ తేడా ఉందని పోల్చి చూసే ఏర్పాటు పట్టేసింది గనక ఆ కోడు విడుదలయ్యే కెర్నల్‌లోకి చేరలేదు. ఒక్క గుర్తు తేడా, దాన్ని చూపిన పోలిక, చూసి అనుమానించిన మనిషి. మూడూ ఉన్నాయి కాబట్టి గండం గడిచింది.

2024లో మూడూ సమకూడలేదు. ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీలోకి, రెండేళ్లకు పైగా పనిచేసి నమ్మకం సంపాదించిన ఒక వ్యక్తి దొంగదారి చొప్పించాడు. దాని అసలు సరుకు పరీక్ష ఫైళ్ల రూపంలో ఉంది. పాఠ్యం కాని ఫైళ్లను డిఫ్ వరసలుగా చూపలేదు, బైనరీ ఫైళ్లు వేరుగా ఉన్నాయని మాత్రమే చెబుతుంది. దాన్ని బయటికి తీసే స్క్రిప్టు గిట్ చిట్టాలోనే లేదు, విడుదల ప్యాకేజీలో మాత్రమే ఉంది. డిఫ్‌లో కనిపించిన భాగం కూడా ఒకటుంది. భద్రతా సదుపాయం ఉందో లేదో చూసే చిన్న పరీక్ష కోడులో, ఒక వరసలో ఒంటరిగా ఒక చుక్క. ఆ చుక్క వల్ల పరీక్ష ఎప్పుడూ విఫలమై, భద్రత తనంత తానే ఆపివేయబడుతుంది. పచ్చ రంగులో చుక్క కనిపిస్తూనే ఉంది. ఆపి అడిగినవాళ్లు లేరు. ఆ ప్రాజెక్టును ఏళ్ల తరబడి దాదాపు ఒక్క మనిషే ఉచితంగా మోశాడు. చివరికి ఆ ఏడాది మార్చి 29న లోకానికి చెప్పింది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్. అతను పట్టుకున్నది డిఫ్ చూసి కాదు, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించి.

2021లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుంచి నికొలస్ బౌచర్, రాస్ ఆండర్సన్ 'ట్రోజన్ సోర్స్' పేరుతో మరో దారి చూపించారు. అరబిక్, హీబ్రూ లాంటి కుడి నుంచి ఎడమకు రాసే లిపుల కోసం ఉన్న కనబడని యూనికోడ్ సంకేతాలను కోడులో పెడితే, మనిషి చదివే వరుస ఒకటి, కంప్యూటర్ చదివే వరుస ఇంకొకటి అవుతుంది. గిట్‌హబ్ లాంటి చోట్ల ఇప్పుడు ఆ సంకేతాలకు హెచ్చరిక చూపుతున్నారు. మంచిదే. ఇక్కడే తెలుగువాళ్లు జాగ్రత్తగా మాట్లాడాలి. కనబడని సంకేతాలన్నిటినీ ఒకే గాటన కట్టి నిషేధిస్తే, పొల్లు కోసం మనం వాడే సంకేతం కూడా దొంగల జాబితాలో పడుతుంది. భద్రత పేరుతో వచ్చే ప్యాచ్‌ను, అంటే కోడు మార్పును, చదివేవాళ్లలో, ఆ సంకేతం లేకుండా 'ఫైల్‌లో' అని రాయలేమని చెప్పగలవాళ్లు ఒకరైనా ఉండాలి.

పోలిక చూపడమనే పని యంత్రం ఒక్కటే తేల్చేది కాదని పరిశోధకులకు ముందే తెలుసు. బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్, జేమ్స్ హంట్ యూనిక్స్ డిఫ్ పద్ధతిని వివరిస్తూ 1976లో నివేదిక రాశారు. 1986లో యూజీన్ మయర్స్ అతి తక్కువ మార్పులతో తేడా కనుక్కునే పద్ధతి ప్రచురించాడు. గిట్ మామూలుగా వాడేది ఆ దారినే. అయితే అతి తక్కువ మార్పులు చూపే దారులు చాలాసార్లు ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి. రెండు ఫంక్షన్ల మధ్య మూడోది చేరిస్తే, ముగింపు బ్రాకెట్ పాతదానిదా కొత్తదానిదా అన్నది లెక్క తేల్చలేదు. రెండు జవాబులూ సరైనవే, ఒకటి మాత్రమే చదవడానికి వీలైనది. 2016లో మైకేల్ హ్యాగర్టీ దీనికి ఇచ్చిన పరిష్కారం వరసల ముందుండే ఖాళీని చూసి ఊహించేది. దాన్ని నిగ్గుతేల్చడానికి కొన్ని వేల ఉదాహరణల్లో ఏ పోలిక మనిషికి నచ్చుతుందో చేత్తో గుర్తు పెట్టిన పట్టికను వాడారు. ఆ ఏడాది గిట్ 2.11లో కోరుకున్నవాళ్లకు ఇచ్చారు, 2017లో 2.14 నుంచి అందరికీ మామూలు చేశారు. తొందరపడకుండా, చదివే మనిషిని ప్రమాణంగా పెట్టుకుని చేసిన పని అది. ఆ గుర్తులన్నీ ప్రోగ్రాం కోడు మీద పెట్టినవే. అలాంటి ఓపిక తెలుగు పాఠం మీద ఎవరు పెట్టారు?

మాటల పోలిక గురించి గిట్ సొంత వివరణ పుస్తకంలో ఒక హెచ్చరిక ఉంది. నమూనాకు అందని పాఠమంతా ఖాళీ కిందే లెక్క, తేడాల్లో దాన్ని పట్టించుకోరు అని. 'పట్టించుకోరు' అన్న మాట పక్కన బ్రాకెట్లలో ఆశ్చర్యార్థకం కూడా పెట్టారు. రాసినవాళ్లకే భయం వేసిందన్నమాట. ఎవరైనా సొంతంగా ఇంగ్లిష్ అక్షరాలకు మాత్రమే సరిపోయే నమూనా రాసుకుని, దానితో తెలుగు ఫైలు పోలిస్తే ఏ తేడా లేదని వస్తుంది. 'చెల్లించాలి' కాస్తా 'చెల్లించరాదు' అయినా సరే. మ్యాక్ బగ్ కనీసం అరిచి ఆగిపోయింది, కాబట్టి ఎవరో ఒకరు ఫిర్యాదు చేశారు, మరమ్మతు జరిగింది. అరవకుండా మింగేసే తప్పును ఎవరు ఫిర్యాదు చేస్తారు? రివ్యూ చేసేవాళ్లు ఈ రెండో రకాన్నే ఎక్కువ అనుమానించాలి. దిద్దుబాటులో ఆగిపోయే దారీ, మౌనంగా దాటేసే దారీ రెండూ ఉంటే ఆగిపోయేదాన్నే పట్టుబట్టి అడగాలి.

మన దగ్గర రివ్యూ పరిస్థితి గురించి కూడా చెప్పుకోవాలి. చాలా కంపెనీల్లో రాసిన ఫీచర్‌కి లెక్క ఉంటుంది, మూసేసిన బగ్‌కి లెక్క ఉంటుంది, చదివి ఆపిన తప్పుకు లెక్క ఉండదు. సాయంత్రం ఏడింటికి వచ్చిన ప్యాచ్‌కి బాగానే ఉందంటూ నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి పంపేవాళ్లను తిట్టి లాభం లేదు. వాళ్లకు ఆ గంట ఎవరూ ఇవ్వలేదు. ఇంజనీరింగ్ కాలేజీల్లో కోడు రాయడం నేర్పుతారు, ఇతరుల కోడు చదవడం నేర్పరు. పరీక్షలో ప్రోగ్రాం రాయమని అడుగుతారు తప్ప, ఇదిగో ఒక డిఫ్, ఇందులో ఏది కనబడటం లేదో చెప్పమని ఎప్పుడూ అడగరు. హైదరాబాద్ నుంచి పనిచేసే స్వేచ్ఛ లాంటి సంస్థలు విద్యార్థులను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పనిలోకి తెస్తున్నాయి. కాలేజీలు ఆ పనికి మార్కులిస్తే ఫలితం త్వరగా కనిపిస్తుంది.

గిట్‌కి ప్యాచ్ పంపడానికి పెద్ద హోదా అక్కర్లేదు. ఈమెయిల్ ద్వారా పంపితే తెలిసినవాళ్లు వరస వరసా చదివి జవాబిస్తారు, హమానో చివరి నిర్ణయం తీసుకుంటాడు. తెలుగు పరీక్ష ఒకటి రాయాలనుకునే విద్యార్థికి సరుకు సిద్ధంగానే ఉంది. ఒక సి ఫైలు, ఒక పైథాన్ ఫైలు. రెండింటి వ్యాఖ్యల్లోనూ 'కలం' అని ఒక ప్రతిలో, 'కాలం' అని మరో ప్రతిలో. ఐత్వం రెండు విధాలుగా రాసిన ఒక వరస. మాట చివర కనబడని సంకేతం ఉన్న ఒక వరస, లేని ఒక వరస. తెలుగు పేరున్న ఒక ఫైలు. వీటిని యూటీఎఫ్-8 లొకేల్‌లో నడిపి ఇప్పుడేమొస్తోందో, తెలుగు చదివేవాళ్లకు ఏం రావాలో పక్కపక్కన పెట్టి పంపాలి. మొదటి మూడింటికి గిట్ ఇచ్చే జవాబు మారాలా, అలాగే ఉండి ఒక హెచ్చరిక చేరితే చాలా అన్నదాని మీద అక్కడ వాదన జరుగుతుంది. ఆ వాదనలో తెలుగు చదవగలవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండాలి. టి4034 ఫైలు అందరికీ తెరిచే ఉంది, ఐస్లాండిక్ పరీక్ష అందులోనే ఉంది, దాని కింద తెలుగు వరసలు చేర్చే చోటూ ఉంది.